వంశవృక్ష సాఫ్ట్‌వేర్ రూపకర్తలకు: మీ వాక్యాలు రికార్డులో లేని సంగతులు చెబుతున్నాయి

వంశవృక్ష సాఫ్ట్‌వేర్లను రూపొందిస్తున్న, నిర్వహిస్తున్న, వేర్వేరు భాషల్లోకి అనువదిస్తున్న మిత్రులందరికీ,

నమస్కారం.

పుట్టుక, పెళ్లి, ఉద్యోగం, వలస, మరణం వంటి జీవిత ఘట్టాలను తేదీ, స్థలం వివరాలతో గడుల్లో నింపితే, వాటిని చదవదగ్గ వాక్యాలుగా పేర్చి నివేదిక ఇచ్చే సదుపాయం మీ ప్రోగ్రాముల్లో చాలావాటిలో ఏదో ఒక రూపంలో ఉంది. దాని వెనుక పనిచేసేవి వాక్యాల టెంప్లేట్లు. ఫలానా వ్యక్తి ఫలానా తేదీన ఫలానా చోట జన్మించారు అన్న అచ్చు ఒకటి ముందే సిద్ధంగా ఉంటుంది, అందులోని ఖాళీల్లోకి మేము నింపిన వివరాలు వచ్చి చేరతాయి. ఈ లేఖ ఆ అచ్చుల గురించి. కొన్నేళ్లుగా ఇలాంటి ప్రోగ్రాములు వాడుతూ, వాటిలో ఒకదానికి తెలుగు వాక్యాలు సమకూర్చాలని చాలా సాయంకాలాలు వెచ్చించి, చివరికి ఆ పని సగంలో వదిలేసిన అనుభవంతో దీన్ని రాస్తున్నాను.

యంత్రం కూర్చిన వాక్యం కాస్త ముతకగా ఉన్నా నాకు అభ్యంతరం లేదు. నా అభ్యంతరమల్లా ఆ వాక్యం రికార్డులో లేని సంగతిని కూడా అంతే ధీమాగా చెప్పడం మీద. గడులు నింపేది ఒకరే, నివేదిక చదివేది మాత్రం ఎందరో బంధువులు. వారికి గడులు కనిపించవు, వాక్యాలే కనిపిస్తాయి. కొన్నేళ్లకు అందులో ఒకరు ఆ వాక్యాన్ని తమ సొంత వృక్షంలోకి ఎత్తిరాసుకుంటారు. అప్పటికి అందులో ఏది రిజిస్టరు చెప్పిన మాటో, ఏది టెంప్లేటు వ్యాకరణం కోసం అతికించిన మాటో తేల్చి చెప్పగలిగేవారు మిగలరు. వంశచరిత్ర పరిశోధకులు పాటించే రుజువు ప్రమాణాల్లో చివరిది, తేల్చిన విషయాన్ని హేతుబద్ధంగా, పొందికగా రాసి పెట్టడం. అంటే రాసిన వాక్యం కూడా రుజువులో భాగమే. ఆ వాక్యాన్ని మీరు మా తరఫున రాస్తున్నారు కాబట్టి ఆ బాధ్యతలో కొంత మీ మీద కూడా పడుతుంది.

అందరికీ తెలిసిన ఒకరి జీవితాన్ని ఉదాహరణగా పెట్టుకుందాం. మేరీ క్యూరీ 1867 నవంబరు 7న వార్సాలో పుట్టారు. 1895 జూలై 26న పారిస్ దగ్గరి సో పట్టణంలో పియర్ క్యూరీని పెళ్లాడారు. 1897లో ఐరీన్, 1904లో ఈవ్ పుట్టారు. 1906 ఏప్రిల్ 19న పారిస్ వీధిలో గుర్రపు బండి కింద పడి పియర్ చనిపోయారు. 1934 జూలై 4న మేరీ కన్నుమూశారు. తేదీలూ స్థలాలూ ఇంత కచ్చితంగా దొరికిన జీవితాన్ని కూడా టెంప్లేటు ఎన్ని చోట్ల తప్పుగా చెప్పగలదో చూడండి. ఇక చిరిగిన రిజిస్టర్లలో, మసకబారిన అక్షరాల్లో సగం సగం దొరికే మామూలు మనుషుల సంగతి చెప్పనక్కర్లేదు.

ముందు తేదీ. ఇంగ్లీషులో తేదీకి ముందు వచ్చే చిన్న మాట తెలుగులో తేదీ వెనుక విభక్తిగా అతుక్కుంటుంది. పూర్తి తేదీ అయితే "7న", నెలా సంవత్సరమూ మాత్రమే అయితే "నవంబరులో", ఒట్టి సంవత్సరం అయితే "1867లో" అనాలి. టెంప్లేటులో ఖాళీ పక్కన "న" అని ఒకసారి రాసేస్తే పూర్తి తేదీ తెలిసినవారందరూ సవ్యంగా పుడతారు, మిగిలినవారు "1867న", "సుమారు 1867న" పుడతారు. ఆ చిన్న మాటను ఖాళీలోపలే కలిపి ఇచ్చే ప్రోగ్రాములూ ఉన్నాయి. కానీ వాటిలో అనువాదకుడి చేతికి అందేది తేదీ లేని ఒంటరి మాట. దాన్ని ఎంత జాగ్రత్తగా అనువదించినా అది తేదీకి ముందే వచ్చి కూర్చుంటుంది. "లో 1867 జన్మించారు" అన్న వాక్యాన్ని నేను కళ్లారా చూశాను, అది నా అనువాదమే.

"ముందు" అన్న మాట దగ్గర చిక్కు ఇంకా ముదురుతుంది. 1898కి ముందు అంటాం, 1893కు ముందు అంటాం. ఎనిమిది ఇకారంతో ముగుస్తుంది కాబట్టి "కి", మూడు ఉకారంతో ముగుస్తుంది కాబట్టి "కు". అంటే అంకెలను పలికి చూస్తే తప్ప ప్రత్యయం ఏదో తేలదు. ఈ చిక్కుకు తెలుగులో తేలికైన విరుగుడు ఉంది: "1893 కన్నా ముందు" అని రాస్తే గొడవే లేదు. కానీ ఆ మార్పు చేయాలంటే తేదీ, దాని వెనుక మాట, రెండూ కలిసిన ముక్క అనువాదకుడికి కనిపించాలి. ముక్కలు ముక్కలుగా విడగొట్టి పంపిన చోట విరుగుడు తెలిసినా వేసే చోటు ఉండదు.

ఇంతవరకు చెప్పినవి వ్యాకరణ దోషాలు, చదివేవారు నవ్వుకుని సరిదిద్దుకోగలరు. అర్థం మారే దోషాలు వేరే ఉన్నాయి. 1984లో మొదలై ఈ రంగంలో ఫైళ్ల మార్పిడికి ఆధారంగా నిలిచిన గెడ్‌కామ్ ప్రమాణం, కచ్చితం కాని తేదీల్లో కూడా తేడాలు పాటిస్తుంది. అందులో తేదీకి ముందు పెట్టే గుర్తుల్లో ఏబీటీ అంటే సుమారుగా. సీఏఎల్ అంటే మరో తేదీ నుంచి, వయసు నుంచి లెక్క కట్టినది. ఈఎస్‌టీ అంటే ఇతర ఘటనలను బట్టి అంచనా వేసినది. జనగణన పత్రంలో 40 ఏళ్లు అని ఉంటే దాన్నుంచి కట్టిన పుట్టిన సంవత్సరం ఒక రకం, పెద్ద కొడుకు పుట్టిన ఏడాది నుంచి పాతికేళ్లు వెనక్కి వెళ్లి ఊహించినది మరో రకం. మొదటిదానికి ఒక కాగితం ఆధారం ఉంది, రెండోదానికి నా ఊహ తప్ప ఏమీ లేదు. మీ టెంప్లేట్లలో చాలా భాగం ఈ మూడింటినీ "సుమారు" అన్న ఒక్క మాటలో కలిపేస్తాయి. తెలుగులో "సుమారు", "వయసును బట్టి లెక్కిస్తే", "అంచనా ప్రకారం" అని మూడు వేర్వేరు పలుకులు హాయిగా ఉన్నాయి. వాటిని వాడుకునే అవకాశం మాకు ఇవ్వడం లేదు.

అలాగే రెండు సంవత్సరాల మధ్య ఎప్పుడో ఒకసారి జరిగిందని చెప్పే గుర్తు ఒకటి, ఆ సంవత్సరం నుంచి ఈ సంవత్సరం దాకా సాగిందని చెప్పే గుర్తు మరొకటి గెడ్‌కామ్‌లో ఉన్నాయి. "1890, 1895 మధ్య ఉపాధ్యాయుడిగా పనిచేశారు" అన్న వాక్యం ఈ రెండిట్లో ఏది చెబుతోంది? ఒక పత్రంలో ఒకసారి మాత్రమే ఉపాధ్యాయుడని కనిపించిన మనిషికి టెంప్లేటు ఐదేళ్ల ఉద్యోగం ఇప్పించేసింది.

వయసు లెక్క సంగతి. పియర్ క్యూరీ 1859 మే 15న పుట్టి 1906 ఏప్రిల్ 19న చనిపోయారు. అంటే అప్పటికి 46 ఏళ్లు. సంవత్సరాలు మాత్రమే నమోదైన ఫైల్లో ప్రోగ్రాం ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి "47వ ఏట", "47 ఏళ్ల వయసులో" అని రాస్తుంది. పైగా తెలుగులో ఆ రెండు మాటలకు అర్థం వేరు: 47వ ఏట అంటే 46 నిండి నడుస్తున్న ఏడాది. యాదృచ్ఛికంగా మొదటి వాక్యం నిజమైంది, రెండోది అబద్ధమైంది, రెండిటికీ ఆధారం మాత్రం లేదు. జార్జ్ వాషింగ్టన్ విషయంలో ఇంకో మెలిక ఉంది. పాత జూలియన్ క్యాలెండరు ప్రకారం ఆయన పుట్టిన తేదీ 1731 ఫిబ్రవరి 11. అప్పట్లో బ్రిటిష్ పాలన కింది ప్రాంతాల్లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. 1752లో క్యాలెండరు మారాక అదే రోజు 1732 ఫిబ్రవరి 22 అయింది. 1799 డిసెంబరు 14న చనిపోయేనాటికి ఆయనకు 67 ఏళ్లు, పాత తేదీని ఉన్నదున్నట్టు తీసుకుని లెక్కవేసే ప్రోగ్రాంకు మాత్రం 68. గడిలోని తేదీలో తప్పు లేదు. తప్పును టెంప్లేటు తయారుచేసింది.

ఇక స్థలం. గెడ్‌కామ్‌లో స్థలాన్ని చిన్నదాని నుంచి పెద్దదానికి, కామాలతో రాస్తారు: వార్సా, పోలండ్. దాని వెనుక "లో" అతికిస్తే "వార్సా, పోలండ్‌లో" అని వస్తుంది. తెలుగు వాక్యం పెద్దదాని నుంచి చిన్నదానికి నడుస్తుంది కాబట్టి "పోలండ్‌లోని వార్సాలో" అనాలి. సరే, క్రమం మార్చగలిగారనుకుందాం. 1867లో వార్సా రష్యా సామ్రాజ్యం కింద ఉంది. అప్పటి పత్రంలో ఉన్న పాలన ప్రాంతం పేరు రాయాలా, ఇప్పటి దేశం పేరు రాయాలా అన్నది వాడుకరి తేల్చుకోవాల్సిన విషయం. ఆ పేరును స్థలాల జాబితా నుంచి తనంతట తనే పూరించే హక్కు వాక్యానికి లేదు.

పెళ్లి జరిగిన పట్టణం పేరు సో. దానికి "లో" కలపండి. "వారి వివాహం 1895 జూలై 26న సోలో జరిగింది." పెళ్లికొడుకు ఒక్కడే హాజరయ్యాడనుకుంటారు చదివేవారు. ఇలాంటి చోట తెలుగు రాసేవారెవరైనా "సో పట్టణంలో" అని ఒక మాట చేర్చి దాటేస్తారు. టెంప్లేటుకు ఆ చొరవ రాదు. "ఊరు" అన్న మాటకు "లో" చేర్చితే "ఊరిలో" అవుతుంది, "ఇల్లు" "ఇంట్లో" అవుతుంది. ఔపవిభక్తికాలని మా వ్యాకరణం చెప్పే ఈ రూపాలు తెలుగు చదువుకున్న పిల్లలకు కూడా తెలుసు. ఘటన జరిగిన చోటు "సొంత ఇల్లు" అని నమోదై ఉంటే టెంప్లేటు "సొంత ఇల్లులో" అంటుంది. ఘటన ఓడ మీద జరిగితే "లో" అసలు కుదరకపోవచ్చు. ఇది తెలుగుకు మాత్రమే వచ్చిన తిప్పలు కాదు. ఫిన్నిష్ భాషలో హెల్సింకీలో అనడానికి వాడే విభక్తి వేరు, తాంపెరేలో అనడానికి వాడేది వేరు. పైగా విభక్తి చేరేసరికి హెల్సింకీ పేరులోని హల్లు కూడా మారిపోతుంది. ఫ్రెంచివారు "లో" అనడానికి పారిస్‌కు ఒక మాట, ఫ్రాన్స్‌కు ఒక మాట, కెనడాకు ఇంకో మాట వాడతారు. కనుక నేను అడిగేది ఒక భాషకు చేసే దయ అనుకోవద్దు. ప్రతి స్థలం పేరు పక్కన, వాక్యంలో అది ఏ రూపంలో కనబడాలో వాడుకరి ఒకసారి రాసి పెట్టుకునే చిన్న గడి ఉంటే చాలు. మనుషుల పేర్లకు కూడా అలాంటిదే కావాలి. "రాముడు యొక్క కుమారుడు" అని రాసే తెలుగువాడు ఎవరూ లేరు, "రాముడి కుమారుడు" అంటారు. ఈ "యొక్క" అన్న మాట టెంప్లేట్లు ఊతకర్రగా వాడుకునేది. అది కనిపించిందంటే ఆ వాక్యం మనిషి రాసింది కాదని వెంటనే తెలిసిపోతుంది.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది మనుషుల గురించిన భాగం. ఇంగ్లీషు క్రియ పుట్టినవారు ఆడో మగో చెప్పదు. తెలుగు క్రియ చెప్పి తీరుతుంది: జన్మించాడు, జన్మించింది. రష్యన్, పోలిష్ భాషల్లోనూ గతకాలపు క్రియ లింగాన్ని బట్టి మారుతుంది. పత్రంలో పేరు చెరిగిపోయి, "శిశువు" అని మాత్రమే మిగిలినచోట టెంప్లేటు ఏదో ఒక రూపం ఎంచుకోక తప్పదు. చాలా ప్రోగ్రాముల్లో తెలియని లింగానికి తెరచాటున ఎంపికయ్యేది పురుష రూపమే. 2021లో వచ్చిన గెడ్‌కామ్ 7.0 పురుషులకు, స్త్రీలకు, ఆ రెండింటిలో ఇమడనివారికి, తెలియనివారికి వేర్వేరు గుర్తులు ఇచ్చింది. గుర్తు ఉంది, దాన్ని పట్టించుకునే వాక్యం లేదు.

తెలుగులో దీనికి "జన్మించారు" అన్న గౌరవరూపం పనికొస్తుందని మీరు అనవచ్చు, నేనూ మొదట అలాగే అనుకున్నాను. ఆడా మగా తేడా లేకుండా అది నిజంగానే అందరికీ సరిపోతుంది. కానీ మూడు నెలల వయసులో పోయిన పసిపాప గురించి "వారు 1881 మేలో జన్మించారు, వారు అదే ఏడాది ఆగస్టులో మరణించారు" అని వస్తే చదివేవారికి అదోలా ఉంటుంది. పైగా ఆ "వారు" ఒకరో ఇద్దరో తెలియదు, దంపతుల గురించి చెప్పినా అదే క్రియ. గౌరవం అన్నది మనిషిని బట్టీ, ఆ మనిషి జీవితంలోని ఘట్టాన్ని బట్టీ, రాసేవారికి ఆ మనిషితో ఉన్న దగ్గరితనాన్ని బట్టీ మారుతుంది. మరణానికి "చనిపోయాడు", "మరణించారు", "కన్నుమూశారు" అన్న మాటల్లో ఏది ఎంచుకున్నా రాసేవారు ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నారో తెలిసిపోతుంది. ఇది ప్రోగ్రాం మొత్తానికి ఒకసారి నొక్కే మీట కాకూడదు. వ్యక్తి వ్యక్తికీ విడిగా పెట్టుకోగలగాలి, అవసరమైతే ఘట్టానికి కూడా.

తోబుట్టువుల విషయం చూడండి. మేరీ ఐదుగురిలో ఆఖరిది. 1863లో పుట్టిన యూజెఫ్ ఆమెకు అన్న. 1866లో పుట్టిన హెలెనా ఆమెకు అక్క. ఇంగ్లీషు టెంప్లేటులో సోదరుడు, సోదరి అన్న ఒక్కో మాటతో పని జరిగిపోతుంది. తెలుగులో పెద్దవారా చిన్నవారా అన్నది తేల్చుకోకుండా ఇంట్లో వాడే మాట పలకడం కుదరదు. హంగేరియన్‌లో కూడా అన్నకు ఒక మాట, తమ్ముడికి మరో మాట. పుట్టిన తేదీ లేని తోబుట్టువును పిల్లల జాబితాలో మేము ఏ వరుసలో నమోదు చేశామో చూసి, దాన్ని బట్టి ప్రోగ్రాం "తమ్ముడు" అని రాసిందంటే అది సమాచారాన్ని కల్పించినట్టే. మేము ఆ వరుసలో టైపు చేయడానికి కారణం కాగితాలు ఆ క్రమంలో దొరకడమే కావచ్చు. అలాంటి చోట "సోదరుడు" అన్న మాట పొడిగా ఉన్నా నిజం చెబుతుంది. తేదీ ఉన్నప్పుడు అన్న, లేనప్పుడు సోదరుడు అని మేము టెంప్లేటుకు చెప్పగలగాలి.

పిల్లల సంఖ్య దగ్గర కూడా ఆగాలి. తెలుగులో మనుషులను లెక్కించే మాటలు వేరు. "2 పిల్లలు" అనం, ఇద్దరు పిల్లలు అంటాం. ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు అని ఏడుగురి దాకా వెళ్లి, ఆ తర్వాత ఎనిమిది మంది అంటాం. ఏకవచనం, బహువచనం అన్న రెండు పెట్టెలు ఇచ్చి నింపమంటే ఇది అందులో పట్టదు. కంప్యూటర్లలో అన్ని భాషల లిపులకు ప్రమాణాలు నిర్ణయించే యూనికోడ్ కన్సార్టియం నిర్వహించే భాషా సమాచార భాండారంలో తెలుగుకు ఆ రెండు పెట్టెలే ఉన్నాయి, అరబిక్‌కు ఆరు. అయితే అదే వ్యవస్థలో "సరిగ్గా 2 అయితే" అని విడి విడి సంఖ్యలకు విడి వాక్యం రాసే వీలు కూడా ఉంది. మీరు ఆ వీలును అనువాదకులకు తెరిచి పెట్టాలి, అంతే. ఇంకా ముఖ్యమైనది సున్నా. పిల్లల పేర్లేవీ నమోదు చేయని దంపతుల గురించి "వీరికి సంతానం లేదు" అని రాసే నివేదికలు నేను చూశాను. నేను వెతకలేదు అన్న సంగతిని యంత్రం వారికి పిల్లలు లేరు అన్న చరిత్రగా మార్చేసింది. ఈ లేఖలో చెప్పిన తప్పులన్నిటిలో నేను క్షమించలేనిది ఇదే. ఒక ఘటన జరగలేదని నిర్ధారించడానికి గెడ్‌కామ్ 7.0లో ప్రత్యేకమైన గుర్తు ఉంది. పెళ్లి జరగలేదని తెలియడం వేరు, జరిగిందో లేదో తెలియకపోవడం వేరు అని ప్రమాణమే గుర్తించింది. పిల్లల సంఖ్యను విడిగా నమోదు చేసే గడి ఎప్పటినుంచో ఉంది. అందులో ఎవరైనా సున్నా అని రాస్తే తప్ప "సంతానం లేదు" అన్న మాట వాక్యంలోకి రాకూడదు.

టెంప్లేట్లు ఒకసారే జరుగుతాయని నమ్మే ఘటనలు కొన్ని ఉంటాయి. మేరీ, పియర్‌ల భౌతికకాయాలు మొదట సో శ్మశానంలో ఉన్నాయి, 1995లో పారిస్‌లోని పాంథియాన్‌కు తరలించారు. రెండు ఖననాలను నమోదు చేస్తే "ఆమెను ఖననం చేశారు. ఆమెను ఖననం చేశారు" అని రెండు వాక్యాలు వరుసగా వస్తాయి. రెండోదాన్ని "ఆ తర్వాత తరలించారు" అని నేనే తిరగరాసుకోగలిగితే చాలు, అది కూడా కొన్ని ప్రోగ్రాముల్లో సాధ్యం కాదు.

దారులు తెలియనివేమీ కావు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా ఉన్న గ్రాంప్స్ తన కథన నివేదికల్లో ముక్కల్ని అతికించకుండా నిండు వాక్యాలనే అనువాదకులకు ఇస్తుంది. పుట్టుకకు పూర్తి తేదీ ఉంటే ఒక వాక్యం, అసంపూర్ణ తేదీ ఉంటే మరొకటి, సుమారు తేదీకి ఇంకొకటి. స్థలం ఉంటే, లేకపోతే వేర్వేరు. ప్రతిదానికీ పురుషుడు, స్త్రీ, తెలియదు అని మూడు రూపాలు. మరణానికైతే వయసు కూడా కలుస్తుంది. అనువాదకుడికి పని చాలా పెరుగుతుందన్నది నిజమే, వరుసగా వందల వాక్యాలు చేయాల్సి వస్తుంది. అయినా చేసిన ప్రతి వాక్యం సొంత భాషలో నిలబడుతుంది కాబట్టి ఆ శ్రమకు నేను సిద్ధం. ఇంత విస్తారం వద్దనుకునేవారికి సందేశాలను షరతులతో రాసుకునే మెసేజ్‌ఫార్మాట్ వంటి పద్ధతులు ఉన్నాయి, దాని రెండో తరం 2025లో స్థిరమైన ప్రమాణంగా వెలువడింది. నేను చూసినంతలో అడ్డంకి సాంకేతికతలో లేదు. ఇంగ్లీషు వాక్యాన్ని ముందు రాసుకుని, అందులోని ఖాళీలు అన్ని భాషల్లోనూ అక్కడే ఉంటాయని అనుకోవడంలో ఉంది.

ద మాస్టర్ జీనియాలజిస్ట్ అనే ప్రోగ్రాం ఈ విషయంలో చాలా ముందుకు వెళ్లింది. ఘటనలో పాల్గొన్న ఒక్కొక్కరికి ఒక పాత్ర ఇచ్చి, సాక్షికి ఒక వాక్యం, పురోహితుడికి ఒక వాక్యం, ఇల్లు ఇచ్చిన బంధువుకు ఒక వాక్యం రాసుకోనిచ్చేది. వివరం లేకపోతే వాక్యంలోని ఆ భాగమే మాయమయ్యేలా కోణపు కుండలీకరణాలు పెట్టుకోనిచ్చేది. దాని అభివృద్ధిని 2014లో ఆపేశారు. అప్పుడు వేరే ప్రోగ్రాముకు మారాల్సి వచ్చినవారికి గడుల్లోని తేదీలూ పేర్లూ గెడ్‌కామ్ ద్వారా వెంట వచ్చాయి. ఏళ్ల తరబడి కూర్చుకున్న వాక్యాలకు మాత్రం ఆ ప్రమాణంలో చోటు లేదు. అందుకే మీ అందరికీ కలిపి ఒక విన్నపం. గెడ్‌కామ్ 7.0లో సొంత గుర్తులను ఒక స్థిరమైన చిరునామాతో నిర్వచించుకునే పద్ధతి ఉంది. దాన్ని ఆధారం చేసుకుని, వాడుకరి చేతితో దిద్దిన వాక్యాన్ని, అది ఏ భాషలో ఉందో ఆ వివరంతో సహా, ఫైలుతోపాటు ఎగుమతి చేసే ఉమ్మడి గుర్తు ఒకటి మీలో మీరు కూర్చుని తేల్చండి. అచ్చు నింపిన వాక్యానికీ, మనిషి దిద్దిన వాక్యానికీ తేడా తెలిసేలా ఆ గుర్తు ఉండాలి.

ఇదంతా ఎందుకు, గడుల్లోని వివరాలను కృత్రిమ మేధకు ఇస్తే అదే చక్కటి తెలుగులో జీవితకథ రాసిపెడుతుంది కదా అని మీలో కొందరు ఇప్పటికే ఆలోచిస్తూ ఉండవచ్చు. విభక్తులు నా కన్నా బాగా కలుపుతుందేమో, ఒప్పుకుంటాను. నా భయం మరోచోట ఉంది. టెంప్లేటు చేసే తప్పు ప్రతిసారీ అదే తప్పు, ఒకసారి పట్టుకుంటే అన్నిచోట్లా దిద్దవచ్చు. కథ అల్లే యంత్రం మాత్రం ఈ రోజు పియర్‌ను "46 ఏళ్ల వయసులో" అని, రేపు "నడివయసులో, ఇద్దరు చిన్నారులను వదిలి" అని రాస్తుంది. రెండోది వినడానికి బాగుంటుంది. అందులో ఏ మాటకు ఏ గడి ఆధారమో వెతకడం వాక్యం రాయడం కన్నా పెద్ద పని. దాన్ని వాడదలచుకుంటే వాడండి, కానీ అది రాసిన ప్రతి మాట నుంచి గడికి తిరిగి వెళ్లే దారి ఉండాలి.

తెలుగు వాక్యాల సెట్టు విడుదల చేసే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టమని కోరుతున్నాను. ఈ లేఖలోని మేరీ క్యూరీ కుటుంబాన్ని మీ ప్రోగ్రాములోకి ఎక్కించండి. మేరీ పుట్టిన తేదీని ఒకసారి పూర్తిగా, ఒకసారి నెలా సంవత్సరంతో, ఒకసారి 1898కి ముందు అని, ఒకసారి 1893కు ముందు అని, ఒకసారి లెక్క కట్టినదిగా, ఒకసారి అంచనాగా మార్చి మార్చి చూడండి. హెలెనా పుట్టిన తేదీ తీసేయండి. పియర్‌కు సంవత్సరాలు మాత్రమే ఉంచండి. లింగం తెలియని, పేరు తెలియని ఒక శిశువును చేర్చండి. పిల్లల పేర్లు లేని ఒక జంటను చేర్చండి. పెళ్లి స్థలంగా సో అని మాత్రమే రాయండి. వచ్చిన నివేదికను తెలుగు బాగా వచ్చి, వంశచరిత్రతో ఏ సంబంధమూ లేని ఒకరి చేత బిగ్గరగా చదివించండి. వారు ఆగిన ప్రతి చోటా గుర్తు పెట్టుకుని, ఆ వాక్యాన్ని దిద్దుకునే అవకాశం అనువాదకుడికీ వాడుకరికీ ఉందో లేదో చూడండి. లేని చోట్ల జాబితాను నాకు పంపినా సరే, సగంలో వదిలేసిన నా అనువాదాన్ని అక్కడి నుంచి మళ్లీ మొదలుపెడతాను.

భవదీయ,
వంశచరిత్ర రాసుకునే ఒక వాడుకరి